మైకేల్ కాలిన్స్ ఇచ్చిన పిస్తోలు

ఐర్లండ్ స్వాతంత్ర్య గాథ – 14వ భాగం

పోయిన భాగం బ్రిటన్‌తో కుదిరిన లండన్ ఒప్పందం మీద జరిగిన ఓటింగుతో ఆగింది. 1922 జనవరి 7న ఐరిష్ శాసనసభ డాయిల్‌లో 64 మంది ఒప్పందానికి సరే అన్నారు, 57 మంది వద్దన్నారు. మూడు రోజులకు డి వలేరా స్థానంలో ఆర్థర్ గ్రిఫిత్ అధ్యక్షుడయ్యాడు. ఆ రోజే సభలో బక్కపలచని మనిషి ఒకాయన లేచి కొత్త ప్రభుత్వాన్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. గ్రిఫిత్ ఓపిక తెగిపోయింది. బల్ల గుద్ది, ఈ సభలో ఏ ఇంగ్లీషువాడికీ తాను జవాబు చెప్పనని తిట్టి మరీ చెప్పాడు.

ప్రశ్న అడిగినాయన కిల్డేర్–విక్లో ప్రతినిధి ఎర్‌స్కిన్ చిల్డర్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం తరఫున పోరాడి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ పతకం పొందినవాడు. ఆ యుద్ధానికి కొద్ది రోజుల ముందే ఐరిష్ వాలంటీర్లకు సముద్రం మీద తుపాకులు మోసుకొచ్చినవాడు కూడా ఆయనే. ఇంగ్లండ్‌లో ఆయన్ని ద్రోహి అన్నారు. ఐర్లండ్‌లో గూఢచారి అన్నారు. ఆ జీవితాన్ని ఏళ్ళ వరసన పరిచి చూస్తే రెండు నిందలూ నిలవవు. కనబడేది ఒక్కో మెట్టు దగ్గర ఆగి, లెక్క చూసుకుని, పాత నమ్మకాన్ని వదిలి ముందుకు నడిచిన మనిషి. ఆ నడకకు ఆయన చెల్లించిన ధర మాత్రం చాలా పెద్దది.

1870 జూన్ 25న లండన్‌లో పుట్టాడు. తండ్రి రాబర్ట్ సీజర్ చిల్డర్స్ సింహళంలో సివిల్ సర్వీసు ఉద్యోగి. అక్కడే పాళీ భాష మీద మనసు పడి, ఇంగ్లండ్ తిరిగొచ్చాక పాళీ–ఇంగ్లీషు నిఘంటువు కూర్చాడు. బ్రౌన్ దొర తెలుగుకు చేసిన సేవ లాంటిదే ఆయన పాళీకి చేశాడు. 1876లో క్షయ ఆయన్ని తీసుకుపోయింది. తల్లి అన్నాకూ అదే జబ్బు అంటుకోవడంతో పిల్లల్ని ఆమెకు దూరం చేశారు. ఆరేళ్ళ ఎర్‌స్కిన్, తోబుట్టువులు ఐర్లండ్‌లో విక్లో కొండల నడుమ అన్నమో ఊరి దగ్గరున్న గ్లెండలో హౌస్‌కు చేరారు. అది తల్లి పుట్టిల్లు. మేనమామ చార్లెస్ బార్టన్ పెళ్ళాడింది చిల్డర్స్ మేనత్తనే. రెండు కుటుంబాలదీ కుండమార్పిడి సంబంధం. అమ్మానాన్నలు లేని పిల్లలకు అంతకంటే దగ్గరి నీడ దొరకదు. అందుకే చివరిదాకా చిల్డర్స్ ఇల్లు అన్నప్పుడల్లా ఆ ఇంటినే తలుచుకున్నాడు. చివరికి పట్టుబడిందీ ఆ ఇంట్లోనే.

బార్టన్లు ప్రొటెస్టెంట్ భూస్వాములు, బ్రిటిష్ రాజరికానికి విధేయులు. పిల్లవాడి చదువూ అదే దారిలో సాగింది. హెయిలీబరీ పాఠశాలలో వేశారు. బ్రౌన్ దొర మద్రాసుకు రాకముందు చదివిన ఈస్టిండియా కంపెనీ కళాశాల ఉన్న ఆవరణే అది. తర్వాత కేంబ్రిడ్జ్‌లో న్యాయశాస్త్రం చదివాడు. 1895లో బ్రిటిష్ పార్లమెంటు దిగువసభ కార్యాలయంలో ఉద్యోగంలో చేరాడు. బిల్లులు రాయడం, సవరణలు సరిచూడడం పని. సెలవు దొరికితే చాలు, చిన్న తెరచాప పడవలో ఉత్తర సముద్రం మీదికి వెళ్ళిపోయేవాడు. జర్మనీ తీరపు ఇసుక మేటలు, పాయలు, ఆటుపోట్లు ఆయనకు అలా కొట్టినపిండి అయ్యాయి.

1900లో బోయర్ యుద్ధానికి స్వచ్ఛందంగా వెళ్ళాడు. ఫిరంగి దళంలో గుర్రాలు తోలే మామూలు సిపాయి. అప్పటికాయన సామ్రాజ్యాన్ని మనసారా నమ్మినవాడే. 1903లో ‘ద రిడిల్ ఆఫ్ ద శాండ్స్’ నవల రాశాడు. జర్మనీ తన తీరంలోని ఇసుక మేటల చాటు నుంచి ఇంగ్లండ్ మీదికి దండెత్తే పన్నాగాన్ని పడవల మీద తిరిగే ఇద్దరు మిత్రులు బయటపెట్టడం అందులో కథ. ఆధునిక గూఢచారి నవలకు అది తొలి నమూనా అనే పేరుంది. ఇంగ్లండ్ రక్షణ కోసం అంత ఆరాటపడి రాసిన మనిషిని పంతొమ్మిదేళ్ళ తర్వాత ఇంగ్లండ్ మంత్రులే శత్రువన్నారు.

నవల వచ్చిన ఏడే అమెరికాలోని బాస్టన్ వెళ్ళినప్పుడు మేరీ ఆల్డెన్ ఆస్‌గుడ్‌ను కలిశాడు. అందరూ మాలీ అని పిలిచే ఆమె చిన్ననాటి ప్రమాదం వల్ల సరిగ్గా నడవలేదు. తండ్రి వైద్యుడు. 1904 జనవరిలో పెళ్ళి జరిగింది. మామగారు పెళ్ళి కానుకగా నార్వేలో కోలిన్ ఆర్చర్ అనే పేరున్న నిర్మాత చేత ఒక తెరచాప నౌక కట్టించి ఇచ్చాడు. దాని పేరు అస్‌గార్డ్. నడవలేని మాలీ చుక్కాని దగ్గర మాత్రం ఎవరికీ తీసిపోయేది కాదు.

మార్పు 1908లో మొదలైంది. సర్ హొరేస్ ప్లంకెట్ ఐర్లండ్ పల్లెల్లో నడిపిస్తున్న పాల సహకార సంఘాలను చూడడానికి చిల్డర్స్ తిరిగాడు. రైతులు తమ వ్యవహారం తామే చక్కబెట్టుకోవడం కళ్ళారా చూశాక, వీళ్ళకు తమ దేశాన్ని ఏలుకోవడం ఎందుకు చేతకాదన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 1910లో పార్లమెంటు ఉద్యోగం వదులుకున్నాడు. మరుసటి ఏడు ‘ద ఫ్రేమ్‌వర్క్ ఆఫ్ హోమ్ రూల్’ అనే లావుపాటి పుస్తకం రాశాడు. కెనడా, ఆస్ట్రేలియాలకు ఇచ్చిన స్వపరిపాలనే ఐర్లండ్‌కూ ఇమ్మని అందులో వాదన. విప్లవం ఊసు లేదు. నలభై ఒక్క ఏళ్ళ వయసులో చిల్డర్స్ నిలబడిన చోటు అది.

అక్కడి నుంచి తుపాకుల దాకా నడిపించింది ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ యూనియనిస్టులు. హోమ్ రూల్ రాకుండా అడ్డుకుంటామని 1914 ఏప్రిల్‌లో వాళ్ళు లార్న్ రేవులో వేల కొద్దీ తుపాకులు దించుకున్నారు. ప్రభుత్వం చూస్తూ ఊరుకుంది. చట్టాన్ని నమ్ముకున్న పక్షం చేతులు ఖాళీగా ఉంటే ఆ చట్టం చేరేది చెత్తబుట్టకే అని దక్షిణాది వాళ్ళకు అర్థమైంది. చరిత్రకారిణి ఆలిస్ స్టాప్‌ఫర్డ్ గ్రీన్, రోజర్ కేస్‌మెంట్, మేరీ స్ప్రింగ్ రైస్ తదితరులు లండన్‌లో చందాలు పోగుచేశారు. హాంబర్గ్‌లో 1500 పాత మౌజర్ తుపాకులు, 45 వేల తూటాలు కొన్నారు. వాటిని తెచ్చేదెవరు? ఉత్తర సముద్రం కొట్టినపిండి అయిన మనిషి ఉండనే ఉన్నాడు.

1914 జూలై 12 సాయంత్రం బెల్జియం తీరానికి దగ్గర్లో, ఒక దీపనౌక పక్కన, హాంబర్గ్ నుంచి వచ్చిన టగ్‌ను రెండు పడవలు కలుసుకున్నాయి. కోనర్ ఓబ్రయన్ నడిపే కెల్పీ 600 తుపాకులు ఎక్కించుకుంది. అస్‌గార్డ్ వంతు 900. సుమారు యాభై అడుగుల విహార నౌక అది. అందులో చిల్డర్స్, మాలీ, మేరీ స్ప్రింగ్ రైస్, డానిగాల్ దగ్గరి గోలా దీవి నుంచి వచ్చిన ఇద్దరు జాలర్లు ఉన్నారు. ఆరో మనిషి గోర్డన్ షెపర్డ్, సాక్షాత్తూ బ్రిటిష్ సైన్యపు విమాన విభాగం అధికారి. గదులన్నీ తుపాకులతో నిండిపోతే వాటి మీదే పరుపులు పరుచుకుని పడుకున్నారు, వాటి మీదే కూర్చుని తిన్నారు. దారిలో బ్రిటిష్ యుద్ధనౌకల విన్యాసాల మధ్య నుంచే రావలసి వచ్చింది. ఐరిష్ సముద్రంలో పెద్ద తుపాను చుట్టుకుంది. ఆ గండం దాటించింది చిల్డర్స్ ఓర్పేనని తోటివాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

జూలై 26, ఆదివారం మధ్యాహ్నం. డబ్లిన్‌కు ఉత్తరాన ఉన్న హౌత్ రేవులోకి అస్‌గార్డ్ చేరేసరికి వాలంటీర్లు వందల సంఖ్యలో కవాతు చేస్తూ వచ్చి వరసకట్టారు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, అరగంటలో సరుకంతా చేతుల మీదుగా ఒడ్డుకెక్కింది. అదే సాయంత్రం డబ్లిన్‌లో బ్యాచిలర్స్ వాక్ వీధిలో, తమను గేలి చేస్తున్న నిరాయుధుల గుంపు మీద బ్రిటిష్ సిపాయిలు కాల్పులు జరిపారు. ముగ్గురు అక్కడికక్కడే పోయారు. లార్న్‌లో ఒక్క తూటా పేలలేదు, ఇక్కడ నెత్తురు కారింది. ఆ తేడా ఐర్లండ్ మరచిపోలేదు. కెల్పీ తెచ్చిన తుపాకులు వారం తర్వాత విక్లో తీరంలో కిల్‌కూల్ దగ్గర దిగాయి.

ఆ రోజుల డబ్లిన్‌లో మన బరంపురం నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ యువకుడు న్యాయశాస్త్రం చదువుకుంటున్నాడు. పేరు వరాహగిరి వెంకట గిరి. 1913 నుంచి 1916 దాకా అక్కడే ఉన్నాడు. ఆయన చదివిన యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన కవి థామస్ మెక్‌డోనా 1916లో ఈస్టర్ తిరుగుబాటు ప్రకటన మీద సంతకం చేసి తుపాకీ గుండ్లకు బలయ్యాడు. ఆ వారం తిరుగుబాటుదార్ల చేతుల్లో ఉన్నవి చాలావరకు చిల్డర్స్ తెచ్చిన మౌజర్లే. గిరిగారి మీద ఐర్లండ్ లోతైన ముద్ర వేసింది.

హౌత్ జరిగిన తొమ్మిది రోజులకు బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. ‘రిడిల్’ రచయిత కంటే జర్మన్ తీరం తెలిసినవాడెవడని నౌకాదళం చిల్డర్స్‌కు కబురుపెట్టింది. ఆయన వెళ్ళాడు. ఇది చాలామందికి మింగుడుపడని ఘట్టం. కానీ 1914లో ఎందరో ఐరిష్ జాతీయవాదుల లెక్క అదే. బెల్జియం లాంటి చిన్న దేశాల హక్కు కోసం యుద్ధమని బ్రిటన్ అంటోంది, గెలిచాక ఐర్లండ్ హక్కును కాదనలేదు అనుకున్నారు. చిల్డర్స్ ఆ మాటను నిజంగానే నమ్మాడు.

ఆయన వయసు నలభై నాలుగు. విమానాలు అప్పుడప్పుడే గాలిలో నిలదొక్కుకుంటున్నాయి. 1914 క్రిస్మస్ రోజున ఏడు నీటి విమానాలు ఉత్తర సముద్రం మీది నుంచి లేచి జర్మనీలోని కుక్స్‌హావెన్ దగ్గర జెప్పెలిన్ షెడ్ల మీద దాడికి వెళ్ళాయి. ఓడల మీది నుంచి వెళ్ళిన విమానాలు శత్రువు నేల మీద చేసిన తొలి దాడుల్లో అది ఒకటి. వాటిలో ఒకదానిలో దారి చూపే పరిశీలకుడిగా చిల్డర్స్ కూర్చున్నాడు. పొగమంచు వల్ల షెడ్లు చిక్కలేదు. తర్వాత బెన్ మై క్రీ అనే విమాన వాహక నౌక మీద గల్లిపోలీ వైపు, ఈజిప్టు వైపు పనిచేశాడు. శత్రువు స్థావరాల మీద ఎగిరి పటాలు గీయడం, ఫొటోలు తీయడం ఆయన పని. 1917లో డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఇచ్చారు. యుద్ధం ముగిసేనాటికి రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో మేజర్.

పతకం గుండెల మీదికి వచ్చిన కాలంలోనే నమ్మకం గుండెల్లోంచి పోయింది. 1916 మేలో తిరుగుబాటు నాయకుల్ని వరసగా కాల్చారు. ఆగస్టు 3న కేస్‌మెంట్‌ను లండన్‌లో ఉరితీశారు. ఐర్లండ్ సమస్య తేల్చడానికని 1917లో బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ సమావేశపరచిన ఐరిష్ కన్వెన్షన్‌కు చిల్డర్స్‌ను కార్యదర్శుల బృందంలో వేశారు. నెలల తరబడి మాటలు సాగి 1918 ఏప్రిల్‌లో చప్పబడ్డాయి. అదే నెలలో ఐర్లండ్ మీద బలవంతపు సైన్య భర్తీ రుద్దడానికి బ్రిటన్ చట్టం చేసింది. పార్లమెంటరీ దారి మీద ఉన్న ఆశ అక్కడితో తెగింది.

1919లో డబ్లిన్ చేరాడు. ఇంగ్లండ్ స్నేహితులు ఎందరో ముఖం చాటేశారు. స్వాతంత్ర్యం కోరే సిన్ ఫెయిన్ పార్టీ వాళ్ళలోనూ కొందరు, గ్రిఫిత్ ముఖ్యంగా, ఈ మాజీ మేజర్‌ను అనుమానంగానే చూశారు. మేనమామ కొడుకు రాబర్ట్ బార్టన్ అప్పటికే వాళ్ళ మంత్రి. ఆయనా ఒకప్పుడు బ్రిటిష్ సైనికాధికారే, 1916 తర్వాత మనసు మారినవాడే. చిల్డర్స్ చేతికి దొరికిన ఆయుధం కలం. బ్రిటిష్ సైన్యం, బ్లాక్ అండ్ టాన్స్ అనే బ్రిటిష్ పోలీసు దళం పల్లెల్లో సాగించిన దాడుల మీద లండన్ పత్రికల్లో రాశాడు. 1921లో డాయిల్ ప్రచార విభాగం పగ్గాలు ఆయనకొచ్చాయి. ‘ఐరిష్ బులెటిన్’ అని సైక్లోస్టైల్ చేసిన కాగితాలు పత్రికలకు, ఎంపీలకు పోస్టులో వెళ్ళేవి. అవి ఎంత నొప్పించాయంటే, మార్చిలో సోదా చేసి ఆ కార్యాలయపు యంత్రాలు ఎత్తుకెళ్ళిన ప్రభుత్వం వాటితోనే నకిలీ బులెటిన్లు అచ్చువేసి పంచింది. అసలు బులెటిన్ ఆగకుండా వస్తూనే ఉండడంతో ఆ మోసం బయటపడింది. మేలో చిల్డర్స్ కిల్డేర్–విక్లో నుంచి పోటీ లేకుండా డాయిల్‌కు ఎన్నికయ్యాడు.

అక్టోబరులో లండన్ చర్చలకు వెళ్ళిన బృందానికి ఆయన కార్యదర్శి. ఒప్పందంలో రాజు పేరిట ప్రమాణం గురించి డబ్లిన్‌లో నెలల తరబడి రభస జరిగింది. చిల్డర్స్‌ను అంతకంటే కలవరపెట్టింది రేవుల షరతు. బెరెహేవన్, క్వీన్స్‌టౌన్, లాఫ్ స్విలీ బ్రిటిష్ నౌకాదళం చేతిలోనే ఉంటాయి. రేవులు పరాయివాళ్ళ చేతిలో ఉన్న ద్వీపం, ఆ పరాయివాళ్ళు చేసే ప్రతి యుద్ధంలోకీ ఈడ్వబడుతుంది. ఇది సముద్రం మీద బతికిన మనిషికి తోచిన వాదన. బృందాన్ని నడిపించిన గ్రిఫిత్, మైకేల్ కాలిన్స్ దాన్ని మొండితనమనుకున్నారు. చిల్డర్స్ కూడా చెప్పిందే చెప్పి, కాగితం మీద కాగితం రాసి వాళ్ళను విసిగించిన మాట నిజం. ఎదుటివాడి అలసట కనిపెట్టే నేర్పు ఆయనకు లేదు. కానీ 1938లో డి వలేరా ఆ మూడు రేవులూ తిరిగి రాబట్టాకే రెండో ప్రపంచ యుద్ధంలో ఐర్లండ్ తటస్థంగా నిలబడగలిగింది. చిల్డర్స్ భయం ఉత్తది కాదు.

డిసెంబరు 6న బార్టన్ ఒత్తిడికి తలవంచి సంతకం పెట్టాడు. చిన్నప్పటి నుంచీ ఒకే ఇంట్లో పెరిగిన బావ, బావమరుదుల మధ్య ఆ రాత్రి ఎంత నలిగిందో ఊహించవచ్చు. తర్వాత బార్టన్ ఒప్పందానికి ఎదురు నిలిచాడు.

1922 జూన్ ఎన్నికల్లో చిల్డర్స్ ఓడిపోయాడు. నెలాఖరుకు ఒప్పందాన్ని ఒప్పుకున్న ప్రభుత్వానికీ, కాదన్న రిపబ్లికన్లకూ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. కార్క్, కెర్రీ కొండల్లో ఒక చిన్న అచ్చుయంత్రాన్ని చోటు నుంచి చోటుకు మోసుకుంటూ రిపబ్లికన్ పత్రిక నడిపాడు. తర్వాత కథారచయితగా పేరు తెచ్చుకున్న ఫ్రాంక్ ఓకానర్ అప్పుడు కుర్రవాడు, ఆ పనిలో ఆయన దగ్గరే ఉన్నాడు. చిల్డర్స్ కింద సైన్యం లేదు, ఏ దాడికీ ఆయన నాయకుడు కాదు. డబ్లిన్ ప్రభుత్వం మాత్రం ఈ యుద్ధం వెనక ఉన్న బుర్ర ఆ ఇంగ్లీషువాడిదేనని జనాన్ని నమ్మించింది. మంత్రి కెవిన్ ఓహిగ్గిన్స్ ఆ మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. అన్నదమ్ములు కొట్టుకుంటున్నప్పుడు తప్పు బయటివాడి మీదికి తోయడం అందరికీ సులువు. ఆగస్టులో పది రోజుల తేడాతో గ్రిఫిత్ మెదడులో రక్తస్రావమై పోయాడు, కాలిన్స్‌ను కాల్చారు. సెప్టెంబరు చివర డాయిల్ సైనిక న్యాయస్థానాలకు అధికారమిచ్చింది. అనుమతి లేకుండా ఆయుధం దగ్గరుంటే చాలు, మరణశిక్ష వేయవచ్చు.

డి వలేరా పిలుపు మీద చిల్డర్స్ దక్షిణం నుంచి రహస్యంగా బయలుదేరి గ్లెండలో హౌస్‌లో ఆగాడు. నవంబరు 10 తెల్లవారుజామున సైనికులు ఇల్లు చుట్టుముట్టారు. ఆయన దగ్గర దొరికింది అరచేతిలో ఇమిడే స్పానిష్ పిస్తోలు. ఒకే పక్షాన ఉన్న రోజుల్లో ఆత్మరక్షణకని మైకేల్ కాలిన్స్ ఇచ్చిన కానుక. దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. స్కాట్లండ్‌లోని డండీలో చర్చిల్ బహిరంగ సభలోనే ఈ అరెస్టుకు సంతోషం వెలిబుచ్చాడు.

నవంబరు 17న పోర్టొబెల్లో బ్యారక్స్‌లో రహస్య విచారణ జరిగింది. ఆ ఉదయమే కొత్త చట్టం కింద మొదటి నలుగుర్ని, పేరు లేని కుర్రవాళ్ళను, కాల్చి చంపారు. నాయకుడైన ఇంగ్లీషువాడితో మొదలుపెట్టి ఉంటే అతని మీద ప్రత్యేకంగా కక్ష అనుకునేవారని ఓహిగ్గిన్స్ డాయిల్‌లో అన్నాడు. విచారణ సాగుతున్న మనిషి గురించి మంత్రి అనదగ్గ మాట కాదది. న్యాయవాదులు హెబియస్ కార్పస్ కోసం వెళితే, యుద్ధ స్థితి ఉన్నందున తన అధికారం నడవదని న్యాయమూర్తి 23న తోసిపుచ్చాడు. పై కోర్టులో అప్పీలు వేశారు. అది విచారణకు రాకుండానే నవంబరు 24 ఉదయం బెగర్స్ బుష్ బ్యారక్స్‌లో ఆయన్ని నిలబెట్టారు.

కాల్చడానికి వచ్చిన సిపాయిలందరితో ఒక్కొక్కరుగా కరచాలనం చేశాడు. ఒకటి రెండడుగులు ముందుకు రమ్మన్నాడు, అలా అయితే వాళ్ళకు సులువవుతుందని. ముందురోజు పదహారేళ్ళ పెద్ద కొడుకును చూడనిచ్చారు. తన మరణశిక్ష మీద సంతకం చేసిన ప్రతి ఒక్కరినీ వెతికి కరచాలనం చేయాలని, రాజకీయాల్లోకి వస్తే ఈ మరణం పేరు చెప్పి కక్ష రేపకూడదని వాడి చేత మాట తీసుకున్నాడు.

కొడుకు ఎర్‌స్కిన్ హామిల్టన్ చిల్డర్స్ 1938లో డాయిల్‌కు ఎన్నికై దశాబ్దాల పాటు మంత్రిగా పనిచేశాడు. తండ్రి మరణాన్ని ఎన్నడూ ఓట్లకు వాడుకోలేదు. 1973 మేలో ఐర్లండ్ అధ్యక్ష పదవికి పోటీపడి గెలిచాడు. ఓడిపోయిన అభ్యర్థి టామ్ ఓహిగ్గిన్స్, కెవిన్ ఓహిగ్గిన్స్ సోదరుడి కొడుకు. జూన్ 25న, తండ్రి పుట్టినరోజున, ప్రమాణం చేశాడు. అప్పుడు భారత రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది వి.వి. గిరి.

1922 నవంబరుకు తిరిగి వద్దాం. చిల్డర్స్‌ను కాల్చాక రిపబ్లికన్ సేనాధిపతి లియామ్ లించ్, సైనిక న్యాయస్థానాల చట్టానికి ఓటేసిన డాయిల్ సభ్యుల్ని కనిపించిన చోట కాల్చమని ఉత్తర్వు ఇచ్చాడు. డిసెంబరు 7న డబ్లిన్‌లో షాన్ హేల్స్ అనే సభ్యుణ్ణి చంపారు. ఆ రాత్రి మంత్రివర్గం కూర్చుని, నెలల తరబడి జైల్లోనే ఉన్న నలుగురు ఖైదీలను ఏ విచారణా లేకుండా తెల్లవారేసరికి కాల్చాలని తీర్మానించింది. ఆ నలుగురిలో రోరీ ఓకానర్, ఏడాది కిందట కెవిన్ ఓహిగ్గిన్స్ పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకు. ఆ రాత్రి సంగతులు వచ్చే భాగంలో.